చీనీతోటకు బెట్ట

2007 డిసెంబరు మూడో తేదీ, సోమవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. వసారాలోని ఉష్ణమాపకంలో పదహారు డిగ్రీలు. మంచు లేదు. ఈశాన్యం నుంచి పల్చని గాలి. ఆకాశం తేటగానే ఉన్నా, రూపనగుడి రోడ్డు మీద మాత్రం మనిషెత్తున ఎర్రటి దుమ్ము నిలబడి ఉంది. ఆ సమయానికి నేను మా చీనీతోటలో బోరు మోటారు ఆపించి, స్విచ్చు పెట్టెకు తాళం వేయించాను.

చీనీ నారింజ జాతి చెట్టు. సుఖంగా ఉన్నంతకాలం ఆకు వేస్తుంది కాని పూయదు. పూయాలంటే దాన్ని కొన్నాళ్ళు దప్పికతో ఉంచాలి. దీన్నే బెట్ట పెట్టడం అంటారు. మాది ఎర్రగరుసు నేల కనుక నాలుగు వారాలు చాలు. ఆకు దొప్ప కట్టి, అంటే దోనెలా ముడుచుకొని, నాలుగో వంతు రాలిపోయేదాకా చుక్క నీరు ఇవ్వకూడదు. ఆ తర్వాత పాదులు తవ్వి, ఎరువు వేసి నీళ్ళు కడితే మూడు నాలుగు వారాల్లో చెట్టంతా పూత వస్తుంది. మనుషుల మీద ఈ పద్ధతి పనిచేస్తుందో లేదో నాకు తెలియదు. చెట్ల మీద పనిచేస్తుందని ముప్పై నాలుగేళ్ళు బళ్ళారి కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినదాన్ని కనుక ఖాయంగా చెప్పగలను.

అయితే అంతకు ముందు ఏడు అది పనిచేయలేదు. మూడు వందల ఇరవై చెట్లలో పూసినవి పదకొండు. కారణం కళ్ళెదుటే ఉందనుకున్నాను. ఇనుప ఖనిజాన్ని ఓడరేవులకు మోసుకుపోయే లారీలూ టిప్పర్లూ రేపే దుమ్ము రోడ్డు పక్క పల్లెలన్నిటి మీదా పడుతోంది. ఆ టిప్పర్లలో రెండు నా మేనల్లుడు కేశవవి. వాడూ, వాడి భార్య రోహిణీ, నేనూ ఒకే ఇంట్లో ఉంటాం. ఆ ఫిబ్రవరిలో చెట్టు చెట్టూ చూసి వచ్చి, టీ అంగడి దగ్గర నలుగురూ ఉండగా, "నా తోటను సంపింది నీ బండ్ల దుమ్మేరా" అన్నాను.  నెల తిరక్కముందే వాడు ఒక బేరం తెచ్చాడు. ఎగుమతి కంపెనీ ఒకటి రోడ్డు పక్కన ఖనిజం నిల్వ చేసుకునేందుకు స్థలం వెతుకుతోందట. తోట తీసేసి నేల చదును చేసి ఇస్తే మూడేళ్ళకు కౌలు తీసుకుంటుందట.

ఉద్యోగ విరమణ తర్వాత ప్రతి మొక్కనూ నేను దగ్గరుండి నాటించిన తోట అది. అయినా కాయని చెట్లకు బోరునీళ్ళు పోయడం తప్పని నాకూ తెలుసు. అందుకే ఒక మాట ఇచ్చాను. ఇంకొక్క ఏడు చూస్తాను. 2008 ఫిబ్రవరి నెలాఖరుకు సగం చెట్లైనా, అంటే నూట అరవై, పూయకపోతే సంతకం పెడతాను.

ఆ సోమవారం ఉదయం తాళం వేయగానే కేశవ మోటారు సైకిల్ మీద వచ్చాడు.

"నాలుగు వారాలా అత్తా?"

"నాలుగు వారాలు."

వాడు దగ్గరలో ఉన్న కొమ్మను పట్టుకొని ఆకు మీది దుమ్మును బొటనవేలితో తుడిచాడు. "పాపం గదత్తా."

"పాపం గీపం లేదు. నువ్వు పోయి నీ బండ్లు చూసుకో పో."

నా తోటపనివాడు దేవప్ప నవ్వి, "మేడమ్మ పరీక్ష పెట్టినారంటే ఎవరికీ గ్రేస్ మార్కులుండవప్పా" అన్నాడు. దేవప్ప ఇంట్లో కన్నడం, తోటలో తెలుగు. కోపం వస్తే రెండూ కలిసేవి.

*

పదకొండు రోజులకు, శుక్రవారం మధ్యాహ్నం, పిచ్చయ్య తోట చూడటానికి వచ్చాడు. అతని తండ్రి గుంటూరు జిల్లా నుంచి వచ్చి సిరుగుప్ప దగ్గర కాలువ కింద వరిపొలాల్లో స్థిరపడ్డాడు. వరిని తమ్ముడికి వదిలేసి పిచ్చయ్య పండ్ల వ్యాపారంలోకి దిగాడు. నా తోట కాపును అయిదేళ్ళుగా అతనే కొన్నాడు, పూత రాని ఆ ఏడు తప్ప.

మోటారు గది నీడలో మంచం వాల్చాం. పిచ్చయ్య కండువాతో దుమ్ము దులుపుకొని, "బత్తాయి ఎలా ఉంటుందో చూద్దామని వచ్చానండి అమ్మగారూ" అన్నాడు.

"ఈడ బత్తాయి లేదప్పా," అన్నాడు దేవప్ప. "మోసంబి ఉండాది."

"పేరులోనే మోసం పెట్టుకున్న కాయను నేను కొననయ్యా."

"మరి అయిదేండ్లు కొంటివే? అప్పుడు తీపి, ఇప్పుడు మోసమా?"

"రెండూ కాదు," అన్నాను. "మా ఇంట్లో అది చీనీ."

ఈ తగాదా ప్రతి ఏడూ ఉండేదే. కాని ఆ శీతాకాలం నేను దాన్ని ఒక నోటు పుస్తకంలోకి ఎక్కిస్తున్నాను. తోట పోతే పోతుంది, దాని పేర్లైనా నా దగ్గర ఉంటాయని కాబోలు మొదలుపెట్టాను. ఎవరు ఏమంటారు, ఎందుకంటారు, ఎవరి దగ్గర విన్నారు, ఏ తేదీన చెప్పారు. ఒక్కో పేరుకు ఒక పేజీ.

మోసంబి అన్న పేరు ఆఫ్రికా తీరంలోని మొజాంబిక్ నుంచి వచ్చిందంటారు. బత్తాయి జావాలోని పాతకాలపు బటేవియా పట్టణం పేరంటారు కాని, నాకు దానికి గట్టి ఆధారం దొరకలేదు. అందుకని ఆ పేజీ తల మీద ప్రశ్నార్థకం ఉంచాను. చీనీ అంటే చీనా నుంచి వచ్చినది. చీనాంబరంలో ఉన్న చీనాయే ఇది. మా కాలేజీ అటెండరు ఖాదర్ మాత్రం చీనీ అంటే చక్కెర అనీ, తియ్యగా ఉంది కనుక ఆ పేరనీ వాదించేవాడు. ఆ చక్కెరకు ఆ పేరు చీనా వల్లనే వచ్చిందని చెబితే నమ్మలేదు. ఇదే మాట మైసూరు వైపు వెళితే ఇంకోలా మారుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో స్టాఫ్ రూములో అందరికీ చీనీకాయలు తెస్తానని మాట ఇచ్చాను. మరునాడు మైసూరు సహోద్యోగిని ఇంటి నుంచి పెద్ద గిన్నె మోసుకొచ్చింది. వాళ్ళ వైపు చీనీకాయ అంటే గుమ్మడికాయ. ఆమె కూరకు సిద్ధపడి వచ్చింది.

ఈ కథ పిచ్చయ్యకు చెబుతుండగానే తెల్ల కారు ఒకటి గేటు దగ్గర ఆగింది. కేశవతో పాటు దిగినతను ఎగుమతి కంపెనీ మనిషి, పేరు జగదీశ్. ముప్పై ఏళ్ళుంటాయి. బూట్లు పాడవకుండా గట్టు మీద ఆచితూచి నడిచాడు. వాలిపోతున్న ఆకులు చూసి అతని ముఖం విప్పారింది.

"మేడమ్, ఇది ఆల్రెడీ డెడ్ కదా. మీరు ఫిబ్రవరి దాకా వెయిట్ చేయడం ఎందుకు?"

దేవప్ప నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకున్నాడు.

"చావలేదు నాయనా, ఉపవాసం ఉంది," అన్నాను. బెట్ట అంటే ఏమిటో చెప్పాను. జగదీశ్ శ్రద్ధగానే విన్నాడు. తెలియనిది తెలియదని ఒప్పుకునే మనిషి, నాకు నచ్చాడు.

"మా మెటీరియల్ అంతా చైనాకే వెళ్తుంది మేడమ్. మీ కాయేమో చైనా నుంచి వచ్చిందంటున్నారు. ఒకరకంగా ఎక్స్ఛేంజే."

"మన కాయ తీపి సార్," అన్నాడు దేవప్ప. "మీ మన్ను తిననీకి రాదు."

నవ్వులయ్యాక పిచ్చయ్య లేచి, వెళ్ళబోతూ నాతో నెమ్మదిగా అన్నాడు. "అమ్మగారూ, దాచి చెప్పడం నాకు రాదండి. ఈసారీ పూత రాకపోతే నేనింక ఈ రోడ్డుకు రాను. గుత్తి వైపు తోటలు చూసుకుంటాను."

కేశవ అవతల నిలబడి, రోడ్డువైపు చెట్లను చూస్తున్నాడు. వాడికి తోట పోతే సంతోషమని ఆ రోజు నేను అనుకున్నాను. ముఖం మాత్రం అలా లేదు. ముఖాన్ని చూసి నమ్మకపోవడం నా చదువు నేర్పిన గుణం. ఆ సందర్భంలో అది లోపమైంది.

*

డిసెంబరు ఇరవై రెండు, శనివారం. బెట్టకు పంతొమ్మిదో రోజు. తోటలో పదహారు సాళ్ళు, సాలుకు ఇరవై చెట్లు. రోడ్డు నుంచి దూరంగా ఉన్న ఆరు సాళ్ళలో ఆకు చక్కగా దొప్ప కట్టింది, పాదుల్లో రాలుడు మొదలైంది. రోడ్డువైపు పది సాళ్ళూ పచ్చగా, పెళ్ళికి వచ్చిన చుట్టాల్లాగా నిగనిగలాడుతున్నాయి.

వంగి మట్టి తీసి పిసికాను. ఉండ కట్టింది. బెట్టలో ఉన్న గరుసుమట్టి ఉండ కట్టకూడదు. ఇంకొకటి కూడా గమనించాను. రోడ్డుకు దగ్గర చెట్ల మీద దుమ్ము ఎక్కువ ఉండాలి. అక్కడే ఆకులు శుభ్రంగా ఉన్నాయి.

"మంచు తడి మేడమ్మా," అన్నాడు దేవప్ప. "నేనొచ్చేటప్పటికి దినామూ తడిగానే ఉంటాది. పోయినేడు కూడా ఇట్లనే ఉండె."

"పోయినేడు నాకెందుకు చెప్పలేదప్పా?"

"మీకు మోకాలు నొప్పి, ఇంటిపట్టున ఉంటిరి. మంచు పడిందని ఎవరన్నా వచ్చి చెప్తారా?"

"మంచు పది సాళ్ళు లెక్కపెట్టుకొని కురవదు గదప్పా."

దేవప్ప ఆలోచించి, దేవుడి పని అయ్యుండొచ్చన్నాడు. నేను ఆ సంగతిని పక్కన పెట్టాను. చెప్పలేనిదాన్ని ఊహతో నింపడం నాకు ఇష్టం లేదు. అంతేకాక ఆ సాయంత్రం నాకు వేరే పని ఉంది. రోడ్డు తడిపే నీళ్ళ ట్యాంకరు డ్రైవరు చెన్నప్ప చాలా ఏళ్ళు అరబ్బు దేశంలో పనిచేశాడని రోహిణి చెప్పింది. అక్కడ మా కాయను ఏమంటారో అడగాలి.

అయిదుంబావుకు చెన్నప్ప రోడ్డు పక్క ఊరి బోరు దగ్గర ట్యాంకరు నింపుకుంటున్నాడు. దుమ్ము లేవకుండా రోజుకు రెండుసార్లు రోడ్డు తడిపేందుకు లారీల వాళ్ళు అతన్ని పెట్టుకున్నారు. నోటు పుస్తకం తెరిచి గట్టు మీద కూర్చున్నాను.

"చెన్నప్పా, నువ్వు అరబ్ దేశంలో ఉంటివంటనే?"

"మస్కట్‌లో ఆరేండ్లుంటి మేడమ్మా. ఆడ కూడా నీళ్ళ బండే. నా నొసట నీళ్ళు రాసిపెట్టినాడు దేవుడు."

"ఆడ చీనీకాయను ఏమంటారప్పా?"

"బుర్తుఖాల్."

"అంటే ఏంది?"

"అంటే చీనీకాయే మేడమ్మా."

ఇంతకంటే కచ్చితమైన నిర్వచనం నాకు ఏ నిఘంటువులోనూ దొరకలేదు. ఆ పేరు పోర్చుగల్ నుంచి వచ్చింది. అరబ్బులకు ఈ తీపి కాయను తెచ్చి చూపింది పోర్చుగీసు ఓడలు. ఆ ముక్క చెబితే చెన్నప్ప మురిసిపోయాడు.

"నాకు ఆ చెట్లంటే పానం మేడమ్మా. అందుకే మన తోటకు నీళ్ళు కొట్టేటప్పుడు మెల్లగా కొడతా, కొమ్మ ఇరగకుండా."

"ఏ తోటకు?"

"మన తోటకే. కేశవప్ప చెప్పినాడు గదా, ఆకులు కడగమని." అతను నా ముఖం చూసి గొట్టం చేతిలోనే పట్టుకొని ఆగిపోయాడు. "మీకు చెప్పలేదా?"

నేను 'బుర్తుఖాల్ – మస్కట్ – చెన్నప్ప' అని రాసి, కింద తేదీ వేశాను. రెండో ప్రశ్న ఆ తర్వాతే అడిగాను.

"ఎప్పట్నుంచి?"

"పోయినేడు చలికాలం నుంచి. అప్పుడు మీ గేటు లేదు గదా, బండి లోపలికే తెచ్చి తోటంతా కడుగుతాంటి. ఈయేడు ఆకు వాడిపోతాందని మళ్ళా చెప్పినాడు. రోడ్డు మీద నుంచే పొడుగు గొట్టం లాగి కొడతాండా. పది సాళ్ళదాకా అందుతాది. దినామూ తెల్లారి, దుమ్ము లేయకముందే."

ఇంటికి నడిచివస్తూ నేను రెండు విషయాలు పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. నా నోటు పుస్తకంలోని పేర్లన్నిటిదీ ఒకటే తీరు. కాయను ఎవరు చివరిగా మోసుకొచ్చి గుమ్మంలో దించారో వాళ్ళ ఊరు పేరు దానికి అంటుకుంది. అంతకు ముందు అది ఎక్కడిదో ఎవరూ అడగలేదు. పూత రాకపోవడం విషయంలో నేనూ అదే చేశాను. చివరిగా కంటికి కనిపించింది దుమ్ము. దాని పేరు పెట్టి ఊరుకున్నాను. దాని వెనక ఏముందో అడగలేదు. విద్యార్థి ఎవరైనా ఇలా రాసి ఉంటే పేపరు తిప్పి పంపేదాన్ని.

*

మరునాడు ఆదివారం. పొద్దున రోహిణి బొరుగులతో ఉగ్గాని చేసి, మిరపకాయ బజ్జీలు వేస్తోంది. కేశవ పళ్ళెం ముందు కూర్చున్నాడు. వాడికి మూడో బజ్జీ పడ్డాక అడిగాను.

"చెన్నప్పతో తోట కడిగిస్తాండావంటనే?"

వాడు నమలడం ఆపాడు. "వాడు చెప్పినాడా?"

"నేనే అడిగితి. బెట్టలో ఉన్న తోటకు నీళ్ళేందిరా?"

"నీళ్ళు నేను యాడ కట్టినా అత్తా? నీళ్ళు కట్టొద్దన్నావు, కట్టలే. ఆకులు కడిగిస్తి, అంతే."

"కడిగిన నీళ్ళు యాడికి పోతాయి?"

వాడు బజ్జీ వంక చూశాడు. "కిందికి."

"కింద ఏముంటాది?"

దాన్ని పళ్ళెంలో పెట్టేసి, "వేరు," అన్నాడు.

రోహిణి జల్లిగరిటె పట్టుకునే పక్కున నవ్వింది. "రెండో క్లాసు పిల్లోన్ని అడిగినా చెప్తాడప్పా ఇది! రెండేండ్ల నుంచి రాత్రి నిద్రలో కూడా తోట తోట అని కలవరిస్తాండాడు అత్తమ్మా. చేసేది ఇదా?"

కేశవ నవ్వలేదు. "ఆ దుమ్ము నా బండ్లదే గదత్తా. దినామూ ఆ రోడ్డున పోతాంటే ఆకులు ఎర్రగా కనపడతాంటాయి. కడిగితే అయినా బాగుపడతాదేమో అనుకుంటి. నీకు చెప్తే వద్దంటావని చెప్పలే. ఆయేడు పూత రాలే. నా దుమ్ము వల్లే పాయెనని నువ్వూ అంటివి, నేనూ అదే అనుకుంటి. తోట ఎట్లాగూ పోయె, నీకు ఏదన్నా ఒక దారి చూపించల్ల గదా అని ఆ కంపెనీ ఆయప్పను పట్టుకొస్తి."

 వాడు నా తోటను కంపెనీకి అప్పజెప్పాలని చూస్తున్నాడని పది నెలలు అనుకున్నాను. వాడేమో నాకు పరిహారం వెతుకుతున్నాడు.

"ఫిబ్రవరిలో టీ అంగడి దగ్గర నిన్ను అన్న మాట తప్పురా," అన్నాను.

"మాటకేముందిలే అత్తా. ఉగ్గాని సల్లారిపోతాంది, తిను."

నేను తిన్నాను. రోహిణి నా పళ్ళెంలో అడగకుండానే ఇంకో బజ్జీ వేసింది.

చేతులు కడుక్కునేటప్పుడు వాడే ఎత్తుకున్నాడు. "పది సాళ్ళు నేను చెడగొడితి గదా. గడువు ఇంకో నెల పెంచుకో అత్తా. జగదీశ్‌కు నేను చెప్తా."

"పెంచను. ఇచ్చిన మాట మధ్యలో మారిస్తే దాని ఫలితానికి విలువ ఉండదు. ఆరు సాళ్ళంటే నూట ఇరవై చెట్లు. ఇంకా నలభై కావల్ల. నువ్వు కడగడం ఆపు, చాలు."

"కలిసొచ్చినారు ఇద్దరూ," అంది రోహిణి. "ఒకరు వద్దన్న నీళ్ళు పోస్తారు, ఇంకొకరు వస్తాండే గడువును వద్దంటారు."

*

దూరపు ఆరు సాళ్ళకు డిసెంబరు ముప్పై ఒకటిన నీళ్ళు కట్టాం. రోడ్డువైపు పది సాళ్ళకు బెట్ట మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్కపెట్టాను. జనవరిలో కేశవకు అంతకంటే పెద్ద శిక్ష ఎవరూ వేసి ఉండరు. ఉదయం సాయంత్రం తోటకు వచ్చి, చేతులు వెనక కట్టుకొని చెట్ల మధ్య తిరిగేవాడు.

"ఒక్క బిందె అత్తా. ఈ మూలది సచ్చేటట్టు ఉండాది."

"సావదు."

"దీని ముఖం చూడు."

"నువ్వు చూడొద్దు."

చెన్నప్ప ట్యాంకరుతో పోతూ తోట ఎదుట వేగం తగ్గించి, కిటికీలోంచి ఆశగా చూసి, మళ్ళీ వేగం పెంచేవాడు. జనవరి పదకొండున మబ్బు పట్టింది. నలభై మిల్లీమీటర్ల వాన పడితే మొత్తం పని వృథా. పక్క చేలలో శనగ వేసినవాళ్ళు ఆకాశం వైపు చేతులెత్తి రమ్మంటున్నారు. మా కేశవ గట్టు మీద నిలబడి పొమ్మంటున్నాడు. దేవప్ప ఎవరి పక్షమూ చేరక బీడీ ముట్టించుకున్నాడు. సాయంత్రానికి మబ్బు సిరుగుప్ప వైపు పోయింది. "పిచ్చయ్య వాళ్ళ వడ్లు తడిసిపోనీలేప్పా," అన్నాడు దేవప్ప. "బత్తాయి అన్నాడు గదా."

జనవరి ఇరవైన ఆ పది సాళ్ళకూ పాదులు తవ్వి, తేలికగా మొదటి తడి ఇచ్చాం. మోటారు స్విచ్చు కేశవ చేత వేయించాను. నీళ్ళు మొదటి పాదులోకి చేరేదాకా వాడు కాలువ వెంట నడుస్తూనే ఉన్నాడు.

ఆ వారాంతానికి దూరపు ఆరు సాళ్ళు పూశాయి. ఒకటి తప్ప అన్నీ. నూట పంతొమ్మిది. ఇక మిగిలింది రోడ్డువైపే. ఫిబ్రవరి పది దాకా అక్కడ ఏమీ కనిపించలేదు. పదమూడున భూతద్దంతో చూస్తే కణుపుల దగ్గర ఆవగింజంత మొగ్గలు. అవి ఆకు మొగ్గలో పూమొగ్గలో నాలుగు రోజుల దాకా చెప్పలేమని ఇంట్లో చెప్పాను. కేశవ ఆ నాలుగు రోజులూ నన్ను గంటకోసారి అడిగాడు.

ఫిబ్రవరి ఇరవై, బుధవారం, ఉదయం తొమ్మిది. జగదీశ్ కాగితాలతో వచ్చాడు. అదే రోజున పిచ్చయ్యను కూడా రమ్మన్నాను. ఫలితం ఇటైనా అటైనా ఇద్దరూ ఒకేసారి చూడటం న్యాయం.

గేటు తీయకముందే జగదీశ్ ఆగిపోయాడు. ఆ పూటకు రోడ్డు మీద డీజిలు వాసన లేదు. టిప్పర్లు పోతూనే ఉన్నాయి కాని, వాటి వాసనను పూత తినేసింది. చెట్టు చెట్టుకూ తెల్లగా, అన్నం మెతుకులు చల్లినట్టు. తేనెటీగల రొదకు మాట వినబడక మేం కాస్త గట్టిగా మాట్లాడుకోవలసి వచ్చింది.

దేవప్ప, కేశవ చెరో వైపు నుంచి లెక్కపెట్టుకొచ్చారు. ఇద్దరి లెక్కా రెండు వందల తొంభై ఒకటి దగ్గర కలిసింది.

"ఇన్ని పూశాయి కదా అమ్మగారూ," అన్నాడు పిచ్చయ్య. "ఇప్పుడన్నా దీన్ని బత్తాయి అనండి."

"మోసంబి అనకుంటే కోతకు గేటు తీయను," అన్నాడు దేవప్ప.

జగదీశ్ కాగితాలు సంచిలో పెట్టేసి, మంచం మీద కూర్చున్నాడు. రోహిణి అందరికీ మజ్జిగ ఇచ్చింది. అతను గ్లాసు పట్టుకొని, "మేడమ్, ఇది చైనా కాయ అన్నారు కదా. మరి చైనావాళ్ళు దీన్ని ఏమంటారు?" అన్నాడు.

ఆ పేజీ నా పుస్తకంలో ఖాళీగా ఉందని ఒప్పుకున్నాను. అతను ఫోను తీసి, ఖనిజం దిగే రేవులో తమ తరఫున పనిచేసే మనిషికి చేశాడు. ఇంగ్లీషులో రెండు నిమిషాలు, నవ్వులు, మళ్ళీ రెండు నిమిషాలు.

"తియాన్ చెంగ్ అట మేడమ్. తియాన్ అంటే తీపి. చెంగ్ అంటే..." అతను మళ్ళీ అడిగాడు. "చెంగ్ అంటే చెంగే అట. వేరే మీనింగ్ ఏం లేదంట."

"ఊరి పేరు లేదా అందులో?"

"ఏ ఊరూ లేదు."

రోహిణి ఖాళీ గ్లాసులు తీసుకుంటూ అంది. "అంతే గదత్తమ్మా. రూపనగుడిలో నన్ను అందరూ హచ్చొళ్ళి ఆమె అంటారు. మా అమ్మగారింట్లో హచ్చొళ్ళి ఆమె అంటే ఎవరికి తెలుస్తాది? ఆడ ఊరంతా హచ్చొళ్ళి వాళ్ళే. ఆడ నేను ఉత్త రోహిణి."

నాలుగు నెలలుగా నేను పేజీలు పేజీలుగా రాసినది ఆమె గ్లాసులు ఏరుతూ చెప్పేసింది. నేను పుస్తకం తెరిచి, కొత్త పేజీ మీద 'చెంగ్' అని రాశాను. కింద రోహిణి మాటను ఆమె మాటల్లోనే ఎక్కించి, ఆమె పేరు, తేదీ వేశాను. దేవప్ప తొంగిచూసి, "మోసంబి పేజీలో నా పేరు రాసినారా?" అని అడిగాడు. రాశానని చూపించాను. ఫోటో కూడా అంటించమన్నాడు.

జగదీశ్ పూలకొమ్మ ఒకటి అడిగి తీసుకున్నాడు. తనింక ఆ రోడ్డులోనే ఇంకో స్థలం చూసుకుంటానన్నాడు. కేశవ అతన్ని కారు దాకా సాగనంపి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"పిందె పడినాంక అయినా ఆకులు కడిగించొచ్చా అత్తా?"

దుమ్ము నిర్దోషి అని నేను ఎప్పుడూ అనను. పూతను ఆపింది అది కాకపోయినా, ఆకు మీద పేరుకుంటే కాయ చిన్నదవుతుంది. "పిందె గోలీ అంత అయినాంక, వారానికి ఒకసారి," అన్నాను. వాడు అప్పుడే చెన్నప్పకు ఫోను చేశాడు.

ఆ కాపు అక్టోబరులో పిచ్చయ్య కోసుకున్నాడు. ఖనిజం నిల్వ స్థలం మాకు అరకిలోమీటరు అవతల, ఇంకొకరి పొలంలో వచ్చింది. 2011 జూలైలో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో జిల్లాలో తవ్వకాలు ఆగిపోయినప్పుడు అది మూతపడింది. ఆ పొలంలో మళ్ళీ పంట రావడానికి నాలుగేళ్ళు పట్టింది. కేశవ టిప్పర్లు రెండూ అమ్మేసి తోటపనిలో దిగాడు. మా చీనీచెట్లు మరి ఏడు కాపులు ఇచ్చాయి. 2016 వేసవిలో వేరుకుళ్ళు సోకడంతో కేశవ వాటిని తీయించి, ఆ మూడెకరాల్లో దానిమ్మ నాటాడు.